ఎద కనిపించే వేళ వేరు, అండం విడుదలయ్యే వేళ వేరు

ఈ నెల మాకు అందిన ప్రశ్నల్లో చాలా వరకు పశువు చూడి కట్టకపోవడం గురించినవే. ఆవు గురించి అడిగినవారు ఉన్నారు, బర్రె గురించి, గొర్రెల మంద గురించి అడిగినవారు ఉన్నారు, పెరటి కోళ్ల గురించి రాసినవారూ ఉన్నారు. వీటన్నిటి వెనుక ఉన్న విషయం ఒక్కటే, అంటే పశువు కడుపులో అండం ఎప్పుడు, ఎట్లా విడుదలవుతుందన్నదే కనుక, ఆ ప్రశ్నలను ఒకచోట చేర్చి జవాబులు రాస్తున్నాను. పాఠకుల పేర్లు రాయకుండా ఊళ్లు మాత్రమే ఇచ్చాను.

ప్రశ్న: మా ఇంట్లో రెండో ఈత జెర్సీ సంకరజాతి ఆవు ఉన్నది. ఈని నాలుగు నెలలు దాటింది. పొద్దున పాలు పిండే వేళకు ఎద లక్షణాలు కనిపించగానే ఆలస్యం చేయకుండా గోపాలమిత్రను (ఊళ్లో కృత్రిమ గర్భధారణ చేసే కార్యకర్తను) పిలిపించి సూది, అంటే కృత్రిమ గర్భధారణకు వీర్యం, వేయిస్తున్నాము. అయినా ఇప్పటికి మూడుసార్లు పొర్లింది. ప్రతిసారీ సరిగ్గా మూడు వారాలకు మళ్లీ ఎదకు వస్తున్నది. ఇక ఇది గొడ్డుపోయిందని, అమ్మేయమని ఊళ్లో అంటున్నారు. ఏం చేయమంటారు? (ఒక రైతు, పరకాల)

జవాబు: ముందుగా చెప్పవలసింది, ఆవును అమ్మకండి. సరిగ్గా మూడు వారాలకోసారి ఎదకు వస్తున్నదంటే దాని అండాశయాలు పనిచేస్తున్నాయన్నమాట. మీరు రాసిన వివరాలను బట్టి నా అనుమానం ఆవు మీద కాదు, సూది వేయించిన వేళ మీద. ఎద కనిపించగానే ఆలస్యం చేయకూడదన్న మీ తొందర మంచి ఉద్దేశంతో చేసినదే గాని, ఆవు విషయంలో అది పనికిరాదు. ఎందుకో వివరంగా చెప్తాను.

గర్భకోశానికి రెండు పక్కలా రెండు అండాశయాలు ఉంటాయి. పెయ్య దూడ పుట్టేనాటికే వాటిలో లక్షకు పైగా అండాలు ఉంటాయి, ఆ తర్వాత కొత్తవి పుట్టవు. ఒక్కొక్క అండం చుట్టూ కణాల పొర ఒకటి ఉంటుంది, దాన్ని పుటిక అంటారు. ఆవులో 21 రోజులకు ఒకసారి, కొన్నింటిలో 18 రోజులకు, మరికొన్నింటిలో 24 రోజులకు, ఒక ఎద చక్రం పూర్తవుతుంది. ఆ చక్రంలో పుటికలు రెండు లేదా మూడు విడతలుగా పెరుగుతాయి. ప్రతి విడతలోనూ కొన్ని పుటికలు కలిసి బయలుదేరినా చివరికి ఒక్కటే పెద్దదవుతుంది, తక్కినవి కరిగిపోతాయి. మొదటి విడతల్లో పెరిగిన పెద్ద పుటిక కూడా పగలకుండానే కరిగిపోతుంది, ఎందుకంటే ఆ రోజుల్లో రక్తంలో ప్రొజెస్టెరాన్ అనే హార్మోను ఎక్కువగా ఉండి అండం విడుదలను అడ్డుకుంటుంది. చక్రం చివరికి ప్రొజెస్టెరాన్ పడిపోయినప్పుడు ఏ పుటిక పెరుగుతూ ఉంటుందో దానికే పగిలే అవకాశం దక్కుతుంది. అప్పటికి దాని వ్యాసం 12 నుంచి 20 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది, లోపలి అండం మాత్రం మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త ఎక్కువ.

ఇట్లా పెరిగిన పుటిక ఈస్ట్రోజెన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతుంది. అది మెదడును చేరి రెండు పనులు చేయిస్తుంది. ఆవు అరవడం, మేత మానడం, పాలు తగ్గించడం, ఇతర ఆవుల మీదికి ఎక్కడం, ఇతర ఆవులు తన మీదికి ఎక్కినప్పుడు కదలకుండా నిలబడటం, మానం (యోని ద్వారం) ఉబ్బి తెల్లని, గాజులా మెరిసే జిగురు తీగలు వేయడం, ఇవన్నీ ఈస్ట్రోజెన్ వల్ల మనకు బయటికి కనిపించే మార్పులు. వీటినే ఎద అంటున్నాము. రెండో పని మనకు కనిపించదు. మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి ఎల్.హెచ్. అనే హార్మోనును ఒక్కసారిగా పెద్ద మోతాదులో విడుదల చేస్తుంది. ఇది దాదాపుగా ఎద మొదలైన వేళకే జరుగుతుంది. అయితే ఆ హార్మోను అందగానే పుటిక పగిలిపోదు. లోపలి అండం తన చివరి విభజనను మొదలుపెట్టి పరిపక్వం కావాలి, పుటిక గోడ ఒకచోట పలుచబడి తెగాలి. దీనికంతా ఎద మొదలైనప్పటి నుంచి లెక్కిస్తే 24 నుంచి 32 గంటల సమయం పడుతుంది.

ఎద మాత్రం అంతసేపు ఉండదు. సంకరజాతి ఆవుల్లో అది 12 నుంచి 18 గంటలు, దేశవాళీ ఆవుల్లో ఇంకా తక్కువ. కాబట్టి ఎద అంతా సద్దుమణిగి, ఆవు తిరిగి మామూలుగా మేత మేస్తూ ఉన్నప్పుడు, ఎద ముగిసిన 10 లేదా 12 గంటలకు అండం విడుదలవుతుంది. గొర్రె, పంది, గుర్రం వంటి వాటిలో ఎద ఇంకా సాగుతుండగానో, దాని చివరి గంటల్లోనో అండం బయటపడుతుంది. ఎద పూర్తిగా ముగిసిన తర్వాత అండం విడుదల కావడం ఆవు, బర్రె జాతుల ప్రత్యేకత. మన రైతులు ఈ ఒక్క విషయాన్ని మనసులో ఉంచుకుంటే చాలా ఆవులు కోతకొట్టుకు పోకుండా మిగులుతాయని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు మీ సూది సంగతి. విడుదలైన అండం అండవాహికలో ఫలదీకరణకు పనికివచ్చే స్థితిలో ఉండేది 10, 12 గంటలే. వీర్యకణాలు గర్భకోశంలో పడిన తర్వాత అండవాహిక దాకా చేరి, అండంలోకి ప్రవేశించే శక్తిని సంతరించుకోవడానికి సుమారు ఆరు గంటలు కావాలి. ద్రవ నత్రజనిలో సున్నాకు దిగువ 196 డిగ్రీల చలిలో నిల్వ ఉంచిన వీర్యం కరిగించిన తర్వాత ఒక రోజుకు మించి సత్తువతో బతకదు. ఉదయం ఎద చూసి ఉదయమే సూది వేయిస్తే, అండం మరునాడు వచ్చేసరికి ఆ వీర్యకణాల్లో ఎక్కువ భాగం శక్తి ఉడిగి ఉంటాయి. మరీ ఆలస్యం చేసి అండం విడుదలైన తర్వాత వేయిస్తే, వీర్యకణాలు సిద్ధమయ్యేలోగా అండం పాతబడుతుంది. వీర్యకణాలు అండం కోసం కొద్దిసేపు ఎదురుచూడాలి గాని, అండం వీర్యకణాల కోసం ఎదురుచూడకూడదు. అందుకే ఉదయం ఎద కనిపించిన ఆవుకు అదే రోజు సాయంత్రం, సాయంత్రం ఎద కనిపించిన ఆవుకు మరునాడు ఉదయం సూది వేయించాలన్న నియమాన్ని పశువైద్యులు ఎన్నో దశాబ్దాలుగా చెప్తున్నారు.

ఈ నియమం ఎద ఎప్పుడు మొదలైందో మీకు తెలిసినప్పుడే పనిచేస్తుంది. రాత్రి పది గంటలకు మొదలైన ఎదను మీరు పొద్దున ఆరింటికి చూసి, అప్పుడే మొదలైందనుకుంటే లెక్క తప్పుతుంది. ఎద రావలసిన రోజుకు రెండు మూడు రోజుల ముందు నుంచి పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పని పెట్టుకోకుండా ఒక అరగంట ఆవు దగ్గర నిలబడి చూడండి. అన్ని లక్షణాల్లోకీ నమ్మదగినది, మరో పశువు మీదికి ఎక్కినప్పుడు కదలకుండా నిలబడటం. తానే ఇంకొకదాని మీదికి ఎక్కడం ఎద మొదలు కాకముందు కూడా కనిపిస్తుంది కనుక దాన్నిబట్టి వేళను లెక్కించకండి. మీకు ఒక్క ఆవే ఉంటే తీగలనూ అరుపునూ పాలు తగ్గడాన్నీ కలిపి చూడాలి. ఎద తేదీని, చూసిన గంటను, సూది వేయించిన గంటను గోడ క్యాలెండరు మీద రాసి పెట్టండి. అటువంటి క్యాలెండరు చేతిలో ఉన్న రైతు ఆవును పరీక్షించడం నాకు సగం సులువవుతుంది.

అండం బయటపడిన తర్వాత ఖాళీ అయిన పుటిక కార్పస్ లూటియం అనే పసుపు రంగు కండగా మారి, గర్భాన్ని నిలబెట్టే ప్రొజెస్టెరాన్‌ను తయారుచేస్తుంది. పిండం ఏర్పడితే అది 15 నుంచి 17వ రోజుల మధ్య ఇంటర్ఫెరాన్ టౌ అనే పదార్థంతో తన ఉనికిని గర్భకోశానికి తెలియజేస్తుంది. ఆ సంకేతం అందకపోతే గర్భకోశం మరో హార్మోను అయిన ప్రోస్టాగ్లాండిన్‌ను విడుదల చేసి ఆ కండను కరిగించివేస్తుంది, ప్రొజెస్టెరాన్ పడిపోతుంది, 21వ రోజుకు మళ్లీ ఎద వస్తుంది. కాబట్టి 18 నుంచి 24 రోజుల మధ్య పొర్లిన ఆవులో అసలు ఫలదీకరణే జరగలేదని, లేదా పిండం మొదటి రెండు వారాల్లోనే చనిపోయిందని అనుకోవచ్చు. 30, 35 రోజులకు పొర్లితే పిండం కొంతకాలం బతికి పోయి ఉండవచ్చు. ఈ రెండింటికీ చేయవలసిన వైద్యం వేరువేరు. వేళ సరిచేసిన తర్వాత కూడా ఆవు పొర్లినా, తీగలు తెల్లగా కాక మడ్డిగా, చీము కలిసినట్టు ఉన్నా, సూది మరోసారి వేయించకుండా ముందు గర్భకోశాన్ని పరీక్ష చేయించండి. మీకు మామునూరులోని పశువైద్య కళాశాల దూరం కాదు.

ప్రశ్న: మాది ముల్కనూరు దగ్గర. మూడు ముర్రా జాతి బర్రెలు ఉన్నాయి, పాలు మహిళా డెయిరీకి పోస్తాము. చలికాలంలో బాగానే ఉంటాయి గాని ఎండాకాలం వస్తే ఒక్కటీ ఎదకు రాదు. ఒకటి ఈని ఆరు నెలలైనా అరవలేదు, తీగలు వేయలేదు. ఎద సూది చేయిస్తే వస్తుందా? (ఒక పాడి మహిళ)

జవాబు: అమ్మా, మీ బర్రె ఎదకు రాలేదని ఇప్పుడే నిర్ణయించకండి. అది ఎదకు వచ్చి, మీకు చెప్పకుండా వెళ్లిపోయి ఉండవచ్చు. దీన్నే మూగ ఎద అంటారు. లోపల పుటిక పెరుగుతుంది, పగులుతుంది, అండం విడుదలవుతుంది, బయట మాత్రం లక్షణాలు ఉండవు, లేదా గుర్తుపట్టలేనంత స్వల్పంగా ఉంటాయి. బర్రెల్లో ఇది చాలా సాధారణం. ఈనిన తర్వాత వచ్చే మొదటి అండం విడుదల అయితే ఆవులో కూడా చాలాసార్లు మూగగానే జరుగుతుంది. దానికి కారణం ఉన్నది. ఈస్ట్రోజెన్‌కు మెదడు పూర్తిగా స్పందించాలంటే అంతకు ముందు కొన్నాళ్లు ప్రొజెస్టెరాన్ ప్రభావంలో ఉండి ఉండాలి. ఈనిన వెంటనే వచ్చే చక్రానికి ముందు అది ఉండదు.

బర్రె ఎదను ఆవు ఎదతో పోల్చి చూడటం వల్లనే చాలామంది పొరబడుతున్నారు. బర్రెలు ఒకదాని మీద ఒకటి ఎక్కడం అరుదు. తీగలు ఆవులో వలె వేలాడవు, పడుకున్నప్పుడు కొద్దిగా నేల మీద పడతాయి, కాబట్టి తెల్లవారుజామున బర్రె లేవగానే అది పడుకున్న చోటును చూడటం అలవాటు చేసుకోండి. మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోయడం, తోక ఎత్తి పట్టడం, పాలు చేపడంలో తేడా రావడం, మానం ముడతలు విప్పుకొని లోపలి పొర ఎర్రబడటం గమనించవలసిన లక్షణాలు. ఎండాకాలంలో ఇవి ఎక్కువగా రాత్రి పూట, చల్లబడ్డ తర్వాతనే కనిపిస్తాయి. ఊళ్లో దున్నపోతు ఉంటే అది ఏ బర్రె వెంట నిలుస్తున్నదో చూడటాన్ని మించిన పరీక్ష లేదు. ఎద 12 నుంచి 24 గంటలు ఉంటుంది, అది ముగిసిన సుమారు 10 నుంచి 15 గంటలకు అండం విడుదలవుతుంది, కనుక సూది వేయించే వేళ విషయంలో పరకాల రైతుకు చెప్పినదే మీకూ వర్తిస్తుంది.

ఎండాకాలం సంగతి వేరు. బర్రె చర్మం నల్లనిది, చెమట గ్రంథులు ఆవుకున్న వాటికంటే చాలా తక్కువ. మన ఓరుగల్లు ప్రాంతంలో ఎండ 43, 44 డిగ్రీలకు చేరినప్పుడు బర్రె తన ఒంటి వేడిని వదిలించుకోలేక మేత తగ్గిస్తుంది, మెదడు నుంచి అండాశయానికి వెళ్లే హార్మోను సంకేతాలు బలహీనపడతాయి, పుటిక పెరిగినా తగినంత ఈస్ట్రోజెన్ తయారుకాదు. దీనికి తోడు బర్రె స్వభావరీత్యా పగటి వేళలు తగ్గుతున్న కాలంలో ఎక్కువగా చూడి కట్టే జంతువు. వెనుకట ప్రతి ఊరికీ ఒక చెరువు ఉండి, బర్రెలు మధ్యాహ్నమంతా నీళ్లలో మునిగి ఉండేవి. కాకతీయుల నాటి చెరువులు మన జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నాయి, కాని కొట్టంలో కట్టేసి మేపే బర్రెకు ఆ నీళ్లు అందడం లేదు. రేకుల కొట్టమైతే పైన వరిగడ్డి పరచండి. పగటిపూట మూడు నాలుగు సార్లు ఒంటి మీద నీళ్లు పోయండి. మేతను పొద్దున చల్లని వేళ, రాత్రి వేళ ఎక్కువగా వేయండి. ఎండదెబ్బ ప్రభావం వానలు పడగానే తొలగిపోదని కూడా గుర్తుంచుకోండి, ఎందుకంటే ఎండలో దెబ్బతిన్న చిన్న పుటికలు పెరిగి విడుదల కావడానికి మరో నెలా రెండు నెలలు పడుతుంది.

మేత గురించి కూడా ఒక మాట చెప్పాలి. యాసంగి వరి పెరిగిన తర్వాత మన దగ్గర చాలా బర్రెలకు వరిగడ్డే ప్రధాన మేత అయింది. వరిగడ్డిలో మాంసకృత్తులూ భాస్వరమూ తక్కువ. ఈ రెండూ కొరవడితే అండాశయం మందగిస్తుంది. తవుడులో భాస్వరం బాగా ఉంటుంది. పచ్చగడ్డి, తవుడుతో పాటు రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం ఇవ్వండి. దుడ్డె రోజంతా తల్లి పొదుగును చీకుతూ ఉంటే కూడా అండం విడుదల ఆలస్యమవుతుంది, పాలు పిండే వేళల్లో మాత్రమే విడవండి.

ఇక ఎద సూది. లోపల కార్పస్ లూటియం ఉన్న బర్రెకు, అంటే మూగ ఎదల్లో తిరుగుతున్న బర్రెకు, ప్రోస్టాగ్లాండిన్ సూది పనిచేస్తుంది. రెండు అండాశయాలూ నునుపుగా, ఏ పుటికా కండా లేకుండా నిద్రావస్థలో ఉంటే అదే సూది ఎన్నిసార్లు వేయించినా డబ్బు దండగే. ఏది ఎట్లా ఉన్నదో చేయి పెట్టి చూసిన వైద్యులే చెప్పగలరు. అన్నిటికంటే ముందు, అది ఇప్పటికే చూడితో లేదని తేల్చుకోవాలి.

ప్రశ్న: మా పెయ్యకు ఎద అయిపోయిన రెండో రోజున మానం నుంచి రక్తం కారింది. సూది దెబ్బ తగిలిందా? చూడి పోయినట్టేనా? (ఒక పాఠకుడు, జనగామ)

జవాబు: రెండూ కాదు. ఎద వేళ ఈస్ట్రోజెన్ వల్ల గర్భకోశం లోపలి పొరలోని సన్నని రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి. ఎద ముగిసి ఆ హార్మోను పడిపోగానే వాటిలో కొన్ని చిట్లి కొద్దిగా రక్తం బయటికి వస్తుంది. పెయ్యల్లో ఇది చాలా ఎక్కువగా, ఈనిన ఆవుల్లో కొంత తక్కువగా కనిపిస్తుంది. చూడి కట్టిన పశువులోనూ, కట్టని పశువులోనూ ఇది రావచ్చు. రక్తం కనిపించిందంటే ఎద ఒకటి రెండు రోజుల కిందట అయిపోయిందని, అండం కూడా విడుదలైపోయిందని అర్థం. ఎదను గమనించలేని వారికి ఇదొక విలువైన గుర్తు. ఆ రోజు సూది వేయించి ప్రయోజనం లేదు, తేదీ రాసిపెట్టుకొని 17వ రోజు నుంచి జాగ్రత్తగా కనిపెట్టి చూడండి.

ప్రశ్న: మాది గొర్రెల కాపరుల కుటుంబం. మా డెక్కని గొర్రెలు ఈతకు ఒక్క పిల్లనే వేస్తాయి. మేకలు మాత్రం రెండేసి, ఒక్కోసారి మూడు వేస్తాయి. గొర్రెలు కూడా రెండు వేసే ఉపాయం ఉన్నదా? (ఒక కాపరి, ఐనవోలు)

జవాబు: ఒక ఈతలో ఎన్ని పిల్లలన్నది మొదట ఎన్ని పుటికలు ఒకేసారి పగిలాయన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. డెక్కని గొర్రెలో సాధారణంగా ఒక్కటే పగులుతుంది, మేకలో రెండు మూడు. గొర్రెకు ఎద చక్రం 17 రోజులు, మేకకు 21 రోజులు. గొర్రెలో ఎద 24 నుంచి 36 గంటలు ఉండి, దాని చివరి భాగంలో అండం విడుదలవుతుంది. పొట్టేలు లేని మందలో గొర్రె ఎదను గుర్తుపట్టడం దాదాపు అసాధ్యం, అది అరవదు, ఎక్కదు. మేక అరిచి, తోక ఆడించి ఊరంతటికీ తెలియజేస్తుంది.

పగిలే పుటికల సంఖ్యను కొంతవరకు మేతతో పెంచవచ్చు. పొట్టేలును కలపడానికి రెండు మూడు వారాల ముందు నుంచి గొర్రెకు రోజుకు 200 నుంచి 300 గ్రాముల దాణా, మక్కలు జొన్నలు కలిపినది, ఇస్తే బలహీనంగా ఉన్న గొర్రెల్లో అండాల విడుదల మెరుగవుతుంది. ఇప్పటికే బలంగా ఉన్న గొర్రెల్లో పెద్ద తేడా కనిపించదు. తొలకరి తర్వాత పచ్చిక పెరిగినప్పుడు మన మందల్లో ఎదలు గుంపుగా రావడానికి కూడా ఇదే కారణం.

పొట్టేలును వాడుకునే పద్ధతి ఇంకొకటి ఉన్నది, ఇది పిల్లల సంఖ్యను కాదు, ఈతలను దగ్గర చేస్తుంది. పొట్టేళ్లను నెల రోజులకు తగ్గకుండా మంద కంటికి, ముక్కుకు అందనంత దూరంలో ఉంచి, ఆపైన ఒక్కసారిగా తెచ్చి వదిలితే, ఎదల్లో లేని గొర్రెల్లో కూడా పొట్టేలు వాసనకు రెండు మూడు రోజుల్లోనే అండం విడుదలవుతుంది. ఆ మొదటి విడుదల మూగగా జరుగుతుంది, నిజమైన ఎద మూడో వారానికి అటూ ఇటూగా వస్తుంది. కాబట్టి పది రోజులు చూసి, పొట్టేలు పనికిరాదని మార్చేయకండి. అప్పుడు ఐదు నెలల తర్వాత పిల్లలన్నీ కొద్ది రోజుల తేడాతో పుడతాయి, టీకాలకూ అమ్మకానికీ వీలుగా ఉంటుంది.

రెండు పిల్లలు జాతి లక్షణంగానే రావాలంటే అది రక్తంలో ఉండాలి. బెంగాల్ ప్రాంతపు గరోల్ గొర్రెల్లో ఒకేసారి ఎక్కువ పుటికలు పగిలేటట్టు చేసే జన్యువు ఒకటి ఉన్నది. మహారాష్ట్రలోని ఫల్టన్‌లో నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ వారు ఆ జన్యువును డెక్కని గొర్రెల్లోకి తెచ్చి, కవలలను ఎక్కువగా వేసే నారీ సువర్ణ అనే రకాన్ని తయారుచేశారు. అయితే కవలలను కన్న తల్లికి ఇద్దరికి సరిపడే పాలు కావాలి. రోజుకు ఎన్నో మైళ్లు నడిచి బీళ్లలో మేసే మందలో ఆ రెండో పిల్ల బతకకపోతే మీకు కలిగే లాభం లేదు. మేతకు ఏర్పాటు చేయగలిగితేనే ఆ దారిలో ఆలోచించండి.

ప్రశ్న: మా పెరట్లో నాటు కోళ్లు ఉన్నాయి. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతున్నది, అవి పిల్లలవుతాయా? పది పదిహేను గుడ్లు పెట్టి ఆపేస్తుంది, ఎందుకు? (ఒక గృహిణి, నర్సంపేట)

జవాబు: మనం తినే గుడ్డులోని పచ్చసొనే కోడి అండం. కోడికి ఎడమ అండాశయం ఒక్కటే పనిచేస్తుంది. అందులో చిన్నా పెద్దా పచ్చసొనలు ద్రాక్షగుత్తిలా వేలాడుతుంటాయి. రోజుకొకటి చొప్పున పెద్దది జారి అండవాహికలో పడుతుంది, దీనికి పుంజుతో పనిలేదు. పడిన సొన పదిహేను ఇరవై నిమిషాలు గరాటు వంటి మొదటి భాగంలో ఉంటుంది, ఫలదీకరణ జరిగితే అక్కడే జరగాలి. ఆ తర్వాత సుమారు మూడు గంటల్లో తెల్లసొన, మరో గంటకు పైగా లోపలి పొరలు, చివరగా 20 గంటలు పెంకు, మొత్తం 25 గంటలు. గుడ్డు పెట్టిన అరగంటకు తర్వాతి సొన జారుతుంది. అందుకే రోజురోజుకూ గుడ్డు పెట్టే వేళ ఆలస్యమవుతూ, సాయంత్రానికి చేరగానే ఒక రోజు ఎగిరిపోతుంది.

పుంజు లేని పెట్ట గుడ్డు పిల్ల కాదు. కాని పుంజును అమ్మేసిన తర్వాత కూడా రెండు వారాల వరకు పిల్లలయ్యే గుడ్లు రావచ్చు, ఎందుకంటే పెట్ట తన అండవాహికలోని సన్నని గొట్టాల్లో వీర్యకణాలను దాచుకోగలదు. గుడ్లు ఆపడం పొదుగుడు స్వభావం. గూట్లో గుడ్లు పోగైన కొద్దీ ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరిగి అండాశయాన్ని ఆపివేస్తుంది, కోడి పొదిగి, పిల్లలను పెంచిన తర్వాతే మళ్లీ మొదలుపెడుతుంది. గుడ్లను ఎప్పటికప్పుడు తీసేస్తే కొన్ని రోజులు ఎక్కువ పెడుతుంది. రాజేంద్రనగర్‌లో రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి పెరటి రకాల్లో పొదుగుడు స్వభావం దాదాపు లేదు, కనుక గుడ్లు ఎక్కువ. కాని వాటి గుడ్లను పొదిగించడానికి మీకు నాటు కోడే కావాలి.

ప్రశ్న: అన్ని పెంపుడు జంతువుల్లోనూ అండం దానంతట అదే విడుదలవుతుందా? (ఒక విద్యార్థిని, హనుమకొండ)

జవాబు: కాదు. పిల్లి, కుందేలు, ఒంటె వంటి వాటిలో జతకట్టడం జరిగితేనే పీయూష గ్రంథి ఎల్.హెచ్. ను వదులుతుంది. కుందేలులో జతకట్టిన 10 నుంచి 12 గంటలకు, పిల్లిలో ఒకటి రెండు రోజులకు అండాలు విడుదలవుతాయి. పిల్లికి ఒక్కసారి జతకట్టడం చాలాసార్లు సరిపోదు. కుక్క దారి మరొకటి. దానికి ఏడాదికి ఒకటి రెండుసార్లే ఎద, రక్తస్రావం ఆవులో వలె ఎద తర్వాత కాక ఎదకు ముందే మొదలై సుమారు తొమ్మిది రోజులు సాగుతుంది. పైగా కుక్క అండం పచ్చిదిగా విడుదలై, అండవాహికలో మరో రెండు మూడు రోజులకు గాని పరిపక్వం కాదు. రక్తం కనిపించిన మొదటి రోజుల్లో జత కోసం తీసుకువెళ్లి, ఆడకుక్క ఒప్పుకోలేదని బాధపడేవారికి ఇదే నా జవాబు.

ప్రశ్న: ఎద చూడకుండానే, సూదులతో అన్ని ఆవులను ఒకే రోజు కట్టించవచ్చంటున్నారు. నిజమేనా? మేమే వేసుకోవచ్చా? (ఒక డెయిరీ నిర్వాహకుడు, హుజూరాబాద్)

జవాబు: నిజమే. మొదటి రోజు ఇచ్చే జి.ఎన్.ఆర్.హెచ్. (పీయూష గ్రంథి చేత ఎల్.హెచ్. ను వదిలించే హార్మోను) సూది అప్పటికి ఉన్న పెద్ద పుటికను పగలగొట్టి కొత్త విడతను మొదలుపెట్టిస్తుంది. ఏడు రోజులకు ఇచ్చే ప్రోస్టాగ్లాండిన్ కార్పస్ లూటియంను కరిగిస్తుంది. ఆ తర్వాత రెండు రోజులకు ఇచ్చే రెండో జి.ఎన్.ఆర్.హెచ్. సూది కొత్త పుటికను మనకు తెలిసిన వేళకు పగిలేటట్టు చేస్తుంది, కాబట్టి 16 గంటల తర్వాత ఎద కనిపించినా కనిపించకపోయినా వీర్యం వేయవచ్చు. మందలోని ఆవులన్నీ చూడి కడతాయని మాత్రం అనుకోకండి, బక్కచిక్కిన ఆవులో ఏ సూదీ పుటికను పుట్టించలేదు.

మీరే వేసుకోవద్దని ఖండితంగా చెప్తున్నాను. ప్రోస్టాగ్లాండిన్ చూడి ఆవుకు పడితే గర్భం పోతుంది, కనుక మందలోని ప్రతి పశువునూ ముందు పరీక్షించాలి. ఆ మందు మనిషి చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు ఆ సీసాను ముట్టుకోకూడదు, సూది వేసే వేళ పశువును పట్టుకొని దగ్గర నిలబడకూడదు. చేతి మీద పడితే వెంటనే సబ్బుతో కడుక్కోవాలి. వాడిన సీసాలను పిల్లలకు, ఇంట్లో వారికి దొరికేచోట పెట్టకుండా, సూది వేసిన వైద్యసిబ్బందికే తిరిగి అప్పగించండి.